కావలివాని పూర్వవృత్తము

కొలువులో చేర్చుకొనదలచిన మనుష్యుని స్వభావమును ఎట్లు తెలిసికొనవలెను, అతని గతములో నేరమున్నచో దానిని ఎంతవరకు లెక్కింపవలెను అను ప్రశ్న భారతదేశమున రాజ్యవ్యవస్థ ఎంత పాతదో అంత పాతది. నేడు ప్రభుత్వోద్యోగమునకు ఎన్నికయిన యువకుడు ఒక ధ్రువీకరణ పత్రము నింపవలసియుండును. ఎన్నడైనను అరెస్టు చేయబడెనా, న్యాయస్థానమున విచారణ జరిగెనా, శిక్ష పడెనా అని అందులో గళ్లు ఉండును. పోలీసువారు అతని నడవడిని విచారించి తమ వ్రాతను పంపువరకు నియామకము స్థిరపడదు. ఆ గళ్ల వెనుక దీర్ఘమైన చరిత్ర కలదు. అందులో కొన్ని ఘట్టములు పాలకుల వివేకమునకు సాక్ష్యములు; మరికొన్ని వారి భయమునకు సాక్ష్యములు.

ఈ విషయమును శాస్త్రముగా చర్చించిన మొదటి గ్రంథములలో కౌటిల్యుని అర్థశాస్త్రము ముఖ్యమైనది. ఈ గ్రంథమును 1905లో ఆర్. శామశాస్త్రి మైసూరులో గుర్తించి 1909లో ప్రకటించెను. అందులో అమాత్యులను ఎన్నుకొను విధానమును గూర్చి పూర్వాచార్యుల వాదములు వరుసగా చెప్పబడినవి. సహాధ్యాయులను అమాత్యులుగా నియమింపవలెనని భరద్వాజుని మతము. వారి శుచిత్వము, సామర్థ్యము రాజునకు చిన్ననాటి నుండి తెలిసియుండును గదా. చిన్ననాడు కలిసి ఆడుకొన్నవారు రాజును లక్ష్యపెట్టరని విశాలాక్షుడు దానిని త్రోసివేసెను. రాజు రహస్యములవంటి రహస్యములే కలిగి, రాజు వ్యసనములవంటి వ్యసనములే కలిగినవారిని నియమింపవలెనని అతడు చెప్పెను. తమ గుట్టు రాజునకు తెలియునను భయముచే వారు ద్రోహము చేయరని అతని భావము.

లోపమున్నవానిని ఆ లోపము తెలిసియే చేర్చుకొనుట, ఆ లోపమునే పగ్గముగా పట్టుకొనుట అను నీతి ఇచట మొదటిసారి స్పష్టముగా కనబడుచున్నది. లోకములో దీనిని పాటించినవారు తక్కువమంది కారు. పరాశరుడు దీనికిచ్చిన సమాధానము నేటికిని బలమైనదే. ఆ భయము ఇరువురికిని సమానము. సేవకుని గుట్టు రాజునకు తెలిసినట్లే రాజు గుట్టు సేవకునకు తెలియును. ఎంతమందికి గుట్టు తెలియునో అంతమందికి రాజు లోబడియుండవలసివచ్చును. తరువాత పిశునుడు, కౌణపదంతుడు, వాతవ్యాధి, బాహుదంతీపుత్రుడు తమతమ మతములను చెప్పిరి. ప్రాణమునకు తెగించి ఆదుకొన్నవాడు భక్తుడు కావచ్చును గాని బుద్ధిమంతుడు కానక్కరలేదనియు, వంశపారంపర్యముగా వచ్చినవారు క్రమముగా సర్వమును తమ చేతిలోనికి తీసికొందురనియు, చదువు మాత్రమే కలిగి పని తెలియనివాడు చేతలలో తప్పిపోవుననియు వారి ఆక్షేపణలు. కౌటిల్యుడు అందరి మాటలలోను కొంత సత్యమున్నదని అంగీకరించి, పురుషుని సామర్థ్యము అతడు చేయు పనిని బట్టి తెలియునని ముగించెను.

అయినను నియామకముతో అతని అనుమానము తీరలేదు. నియమించిన అమాత్యులను నాలుగు రహస్య పరీక్షలకు లోను చేయవలెనని అతడు విధించెను. వాటికి ఉపధలని పేరు. ధర్మోపధలో రాజు పురోహితుని కావలెనని తొలగించును. ఆ పురోహితుడు గూఢచారుల మూలమున ఒక్కొక్క అమాత్యుని కదిపి, ఈ అధార్మికుని స్థానములో వేరొకనిని నిలుపుదమా అని అడిగించును. అర్థోపధలో సేనాపతి అట్లే తొలగింపబడి ధనాశ చూపును. కామోపధలో అంతఃపురమున గౌరవము పొందిన ఒక పరివ్రాజిక వచ్చి, పట్టమహిషి నిన్ను కోరుచున్నదని చెప్పును. భయోపధలో అమాత్యులందరును కలిసి చెరసాల పాలగుదురు. ముందే అచట ఉంచబడిన కపటచ్ఛాత్రుడు రాజును చంపుదమని వారిని ప్రేరేపించును. ఒప్పుకొనక తిరస్కరించినవాడు ఆయా విషయములలో శుచి.

ఒక్కొక్క పరీక్షలో నెగ్గినవానికి ఒక్కొక్క తావు నిర్ణయింపబడినది. ధర్మమున చలింపనివాడు న్యాయస్థానమునకు, కంటకశోధనకు తగును. ధనమునకు లొంగనివాడు రాబడికి, భాండాగారమునకు తగును. కామమున నిగ్రహము కలవానికి విహారస్థానముల రక్షణ, భయమున నిలిచినవానికి రాజు చెంతనుండు కొలువు. నాలుగింటను నిలిచినవాడు మంత్రి. నాలుగింటను ఓడినవానిని ఏమి చేయవలెను? దేశమునుండి వెడలగొట్టుమని గాని, అన్నము లేకుండ చేయుమని గాని కౌటిల్యుడు చెప్పలేదు. గనులలోను, అడవులలోను, ఏనుగుల వనములలోను, కర్మాగారములలోను వానికి పని ఇమ్మనెను. అశుచికిని రాజ్యములో ఒక పని కలదు. ఆ పని కష్టమైనదనుటయు, గనులలోని కూలీలకు అట్టి అధికారిని అంటగట్టుట న్యాయమా అని గ్రంథకర్త ఆలోచింపలేదనుటయు నిజమే.

ఇంతకంటె విలువైన మాట ఆ ప్రకరణము చివర ఉన్నది. పూర్వాచార్యులు చెప్పిన ఈ నాలుగు పరీక్షలలో రాజును గాని రాణిని గాని ఎరగా పెట్టరాదని కౌటిల్యుని స్వంత మతము. మంచినీటిలో విషము కలిపినట్లు, చెడనివాని మనస్సును పరీక్ష పేరిట చెడగొట్టరాదనియు, ఒకసారి కలతపడిన బుద్ధి మరల మునుపటి స్థితికి రాకపోవచ్చుననియు అతడు హెచ్చరించెను. శోధించుటయే దోషమును పుట్టింపవచ్చునని గుర్తించిన ఈ వాక్యము, గూఢచారులను నమ్మిన గ్రంథములో ఉండుట ఆశ్చర్యకరము. తరువాతి పాలకులు ఆ గ్రంథములోని చారులను గూర్చి ఎక్కువగా చెప్పుకొనిరి గాని ఈ హెచ్చరికను తక్కువగా తలచిరి.

గ్రంథములను వదలి గ్రామములకు వచ్చినచో వేరొక పద్ధతి కనబడును. దొంగ చేతికి తాళపుచెవి ఇచ్చినట్లు అని తెలుగువారు ఎగతాళి చేయు పనిని దక్షిణదేశములోని గ్రామములు శతాబ్దముల తరబడి బుద్ధిపూర్వకముగా చేసినవి. తమిళదేశపు దక్షిణ మండలములలో కళ్లరులు, మరవరులు కావలికాండ్రుగా ఉండిరి. దోపిడికి పేరుపడిన కులములవారికే ఊరిని కాపాడు హక్కు ఒప్పగింపబడెను. గ్రామస్థులు పంటలో కొంత భాగమును వారికి ఇయ్యవలెను. దొంగతనము జరిగినచో కావలివాడు సొత్తును వెదకి తేవలెను, లేదా దాని వెల చెల్లింపవలెను. ఇందులో శీలపరీక్ష లేదు, పూర్వవృత్తమును అడుగు గళ్లు లేవు. ఉన్నదెల్ల ఒక పూచీ మాత్రమే. కావలివాని మనస్సు ఎట్టిదైనను, పోయిన సొత్తునకు జవాబు చెప్పవలసినవాడు అతడే. కంచె చేను మేసిన సందర్భములును లేకపోలేదు. కావలి రుసుము ఇయ్యని ఊరిలో పశువులు మాయమగుట, మధ్యవర్తికి కొంత ముట్టచెప్పిన తరువాత అవి దొరకుట సామాన్యముగా జరుగుచుండెను. అందుచేత కొందరు చరిత్రకారులు దీనిని రక్షణ అనిరి, కొందరు బెదిరించి డబ్బు లాగుట అనిరి. రెండును ఒకే ఊరిలో ఒకే సంవత్సరమున జరిగియుండవచ్చును.

ఇంగ్లీషు కంపెనీవారును మద్రాసులో ఈ మార్గమునే అనుసరించిరి. పదునేడవ శతాబ్దమున వారి నల్లపట్టణమునకు కావలి పెద్దనాయకుడను పాలెగారిది. తెలుగు పేరుతో ఉన్న ఈ పదవి వంశపారంపర్యమైనది. అతని క్రింద తలారులు, బంట్రోతులు ఉండిరి. అతనికి కొన్ని సుంకములపై హక్కు ఉండెను. పట్టణమున దొంగలు కొనిపోయిన సొత్తునకు అతడు నష్టపరిహారమియ్యవలసియుండెను. చెన్నపట్టణములో పెద్దనాయకన్‌పేట నేటికిని ఆ పేరును మోయుచున్నది.

పందొమ్మిదవ శతాబ్దపు మొదటి భాగములోను కంపెనీ సైనికాధికారులు కొందరు ఇదే నీతిని నమ్మిరి. 1822లో మేర్వాడ కొండజనులతో ఒక పటాలము ఏర్పడెను. దోపిడికాండ్రని పేరుపడిన ఖాందేశు భిల్లులతో జేమ్స్ ఔట్రం 1825లో భిల్లు పటాలమును కూర్చెను. పూనా ప్రాంతమున రామోషీలు కోటలకు, గ్రామములకు పాత కావలివారు. ఆ కొలువులు పోయి తిరుగుబాటు చేసినప్పుడు ప్రభుత్వము వారి నేరములను మన్నించి కొందరిని కొండ కావలిలో చేర్చుకొనెను. వారి నాయకుడు ఉమాజీ నాయకు మాత్రము 1832లో ఉరితీయబడెను. కొలువు పోవుటకును నేరమునకును గల సంబంధము ఆనాటి అధికారులకు తెలియనిది కాదు.

ఆ తెలివి ఎక్కువ కాలము నిలువలేదు. 1836లో థగ్గులపై వచ్చిన చట్టము ప్రకారము ఫలానా హత్య చేసెనని రుజువు కానక్కరలేదు. థగ్గుల ముఠాకు చెందియుండెనని రుజువైనచో యావజ్జీవ ఖైదు విధింపవచ్చును. చేసిన పనికి బదులు మనిషి ఎవ్వడు అనునది నేరముగా మారుటకు ఇది తొలి మెట్టు. 1871లో వచ్చిన నేరస్థ తెగల చట్టము రెండవ మెట్టు. వడ్రంగి కొడుకు వడ్రంగి, నేతగాని కొడుకు నేతగాడు అగునట్లు దొంగ కొడుకు దొంగయే అగునని దానిని సమర్థించినవారు వాదించిరి. ఉత్తర హిందూస్థానములో మొదలైన ఈ చట్టము 1876లో బెంగాలునకు వ్యాపించి, 1911 నాటి సవరణతో మద్రాసు రాజధానికిని వచ్చెను. 1924లో మరల క్రోడీకరింపబడెను. ప్రకటింపబడిన తెగలో పుట్టినవాడు పేరు నమోదు చేయించుకొని, వేలిముద్ర ఇచ్చి, హాజరు పలికి, ఊరు దాటుటకు పాసు పొందవలెను. అట్టివానిని పనిలో పెట్టుకొనుటకు ఏ రైతు, ఏ వర్తకుడు సాహసించును? ప్రభుత్వమే అతని నుదుట అపాయమని వ్రాసిన తరువాత పొరుగువాడు దానిని చెరిపివేయజాలడు.

తెలుగునాట ఎరుకల వారి కథ ఇందుకు తార్కాణము. వారిలో పలువురు ఎద్దులపైని పెరికలతో ఉప్పును తీరమునుండి లోపలి జిల్లాలకు చేరవేసి, తిరుగుదారిలో ధాన్యము తెచ్చుచుండెడివారు. బుట్టలల్లుట, సోదె చెప్పుట వారి ఇతర జీవనోపాధులు. రైలుమార్గములు వచ్చుటచేతను, ఉప్పుపై ప్రభుత్వ గుత్తాధిపత్యము బిగియుటచేతను పందొమ్మిదవ శతాబ్దపు రెండవ భాగములో ఆ వర్తకము క్షీణించెను. అడవిలో మేత, కట్టె, వెదురు దొరకుటయు చట్టములచే కష్టమయ్యెను. సంచారము చేయుచు బ్రతుకుటకు సాధనము పోయి, సంచారము మాత్రము మిగిలినప్పుడు ఆ సంచారమే అనుమానమునకు హేతువాయెను. మద్రాసు ప్రభుత్వ పత్రములలో వీరే కొరవలు, ఎరుకలు అను పేర్లతో నేరస్థ తెగలుగా ఎక్కిరి.

1911 చట్టము క్రింద ఇట్టివారిని స్థిరపరచుటకు సెటిల్మెంట్లు వెలసినవి. సాల్వేషన్ ఆర్మీవారు బాపట్ల సమీపమున స్టువార్టుపురమును నెలకొల్పిరి. అప్పటి గవర్నరు కార్యాలోచన సభలో సభ్యుడైన హెరాల్డ్ స్టువార్టు పేర ఆ ఊరు వెలసినది. బెజవాడ దగ్గర సీతానగరములో వారిదే మరియొక సెటిల్మెంటు. కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషను సెటిల్మెంటు నడపెను. కావలి అను పేరుగల ఊరిలోనే కావలి పెట్టబడిన జనము బంధింపబడుట కాకతాళీయమే గాని, విన్నవారికి గుర్తుండిపోవును. ఈ సంస్థలవారు బడులు పెట్టిరి, భూములు బాగుచేయించిరి, చేతిపనులు నేర్పిరి. అందులో కొందరికి మంచి జరుగలేదనుట న్యాయము కాదు.

అయితే పని విషయములో జరిగినది విచిత్రము. ఎవ్వరును పనిలో పెట్టుకొనరని చెప్పబడినవారికి కొద్దికాలములోనే పెద్ద యజమానులు దొరకిరి. స్టువార్టుపురము వాసులు చీరాలలోని పొగాకు కంపెనీకి కూలీలైరి. బొంబాయి రాజధానిలో షోలాపురము సెటిల్మెంటువారు అచటి నూలుమిల్లులకు పోయిరి. అనుమతి లేక సెటిల్మెంటు విడుచుట నేరము గావున వీరు పని మానుకొని పోజాలరు. హాజరు చూచుటకు మేనేజరు ఉండును. రాత్రి మరల లోపలికి రావలెను. సమ్మెల కాలములో మిల్లు యజమానికి ఇంతకంటె నమ్మకమైన కూలి ఎచట దొరకును? పుట్టుకతోనే అపాయకరుడని ప్రకటింపబడినవాడు, ఆ ప్రకటన వలననే, యజమానికి అపాయము అతి తక్కువగా ఉన్న పనివాడాయెను. విశాలాక్షుడు చెప్పిన పగ్గము ఇదియే గాని, పరాశరుడు చెప్పినట్లు రెండవ కొన యజమాని మెడకు తగులలేదు.

1936లో జవహర్లాల్ నెహ్రూ నెల్లూరులో ఈ చట్టమును తీవ్రముగా ఖండించెను. ఒక జాతినంతయు నేరస్థులనుట నాగరిక న్యాయసూత్రములకు విరుద్ధమని ఆయన అభిప్రాయము. మద్రాసు 1947లోను, బొంబాయి 1949లోను దీనిని రద్దు చేసినవి. తిరుపతి ప్రాంతమువారైన అనంతశయనం అయ్యంగారు అధ్యక్షతన 1949లో ఏర్పడిన విచారణ సంఘము దేశమంతట రద్దు చేయవలెనని సూచించెను. 1952 ఆగస్టు 31న చట్టము తొలగెను. దాని తావున పలు రాష్ట్రములలో అలవాటుపడిన నేరస్థుల చట్టములు నిలిచినవి. ఇవి తెగలను పేర్కొనవు. కాని ఠాణాలోని రిజిస్టరు ఒక దినములో మారునది కాదు. స్టువార్టుపురము పేరు చెప్పిన యువకునికి పని దొరకుట తరువాతి దశాబ్దములలోను కష్టముగానే ఉండెను. 1970 తరువాతి సంవత్సరములలో హేమలతా లవణము, లవణము దంపతులు అచట సంస్కరణకు పూనుకొనినప్పుడు వారి ముందున్న చిక్కులలో ఇది ప్రధానమైనది: దొంగతనము మానుడని చెప్పుట సులభము, మానినవానికి కూలి చూపుట కష్టము.

స్వతంత్ర భారతములో పూర్వవృత్తపు విచారణ మొదట నేరస్థులకంటె రాజకీయ విశ్వాసములు కలవారి మీదికి మళ్లెను. 1949లో రైల్వేలలో జాతీయ భద్రత పేర ప్రత్యేక నియమములు వచ్చినవి. వాటి క్రింద కమ్యూనిస్టు కార్యకలాపములలో ఉన్నారని కొందరిని కొలువునుండి తొలగించిరి. 1957 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తొలగింపులను సమర్థించెను: సంఘములు పెట్టుకొను స్వేచ్ఛ రాజ్యాంగము ఇచ్చినది గాని, ప్రభుత్వ కొలువులో ఉండితీరు హక్కును ఇయ్యలేదని దాని సారాంశము. పాతికేండ్ల తరువాత గాలి మారెను. మధ్యప్రదేశములో ఒక పురపాలక పాఠశాలను ప్రభుత్వము తీసికొనినప్పుడు అందలి ఉపాధ్యాయుని కొలువు పోలీసు విచారణకు లోబడియుండెను. అతడు పూర్వము రాష్ట్రీయ స్వయంసేవక సంఘములోను, జనసంఘములోను పాల్గొనెనని నివేదిక వచ్చుటచే 1974లో ఉద్యోగము పోయెను. 1983లో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును తప్పుపట్టెను. తీర్పు వ్రాసినవాడు తెలుగువాడైన న్యాయమూర్తి ఓ. చిన్నపరెడ్డి. ఉద్యోగార్థి గత రాజకీయములను పోలీసుల కాగితముపై తూచి కొలువు నిరాకరించుట రాజ్యాంగపు 14, 16 అధికరణములకు విరుద్ధమని ఆయన నిర్ణయించెను.

స్వభావమును శాస్త్రీయముగా కొలువవలెనను యత్నమును ఈ కాలముననే సాగెను. రెండవ ప్రపంచయుద్ధ కాలమున, 1943లో, సైనికాధికారుల ఎంపికకు మనశ్శాస్త్ర పరీక్షలు మొదలైనవి. ఒక బొమ్మను చూపి కథ వ్రాయించుట, ఒక మాట చెప్పి తోచిన భావమును వ్రాయించుట, ఒక చిక్కును చెప్పి ఏమి చేయుదువని అడుగుట ఇందులోని విధానములు. ఎర చూపక, మనస్సును చెడగొట్టక లోపలి మనిషిని చూడగోరినంతవరకు ఇవి కౌటిల్యుని ఆక్షేపణకు దొరకవు. శిక్షణ సంస్థలలో ఆ కథలను ముందుగా నేర్చి వచ్చువారిని ఏమి చేయవలెనో అర్థశాస్త్రములో లేదు.

నిజముగా నేరము చేసినవాని విషయములో చట్టము రెండు మనస్సులతో ఉన్నది. 1958 నాటి ప్రొబేషన్ చట్టపు 12వ విభాగము, మందలింపుతోనో ప్రొబేషనుతోనో విడువబడినవానికి ఆ శిక్ష వలన అనర్హత అంటరాదనుచున్నది. 2015 నాటి బాలల న్యాయచట్టము బాల్యములోని నేరమునకు ఇంచుమించు అదే రక్షణనిచ్చినది. మరియొక వైపు యజమానికి, ముఖ్యముగా పోలీసుశాఖకు, మనుష్యులను ఏరుకొను అధికారము ఉండవలెనని కోర్టులే పలుమారులు చెప్పినవి. తుపాకి ఇచ్చి వీధిలోనికి పంపువానిని గూర్చి ఎక్కువగా విచారించుట అన్యాయము కాదు. 2011లో ఢిల్లీ పోలీసులో హెడ్ కానిస్టేబులు ఉద్యోగమును కోరిన ఒక యువకుడు, రాజీపడిపోయిన ఒక కొట్లాట కేసును దరఖాస్తులో వ్రాయలేదను విషయము సుప్రీంకోర్టు ముందుకు వచ్చెను. యౌవనములోని తొందరపాటును జీవితాంతము మోయింపరాదని కోర్టు పలికి, విక్టర్ హ్యూగో నవలలోని జీన్ వాల్జీన్‌ను తలచెను. రొట్టె దొంగిలించి జన్మమంతయు దొంగయను పేరు మోసిన ఆ పాత్ర, ఉద్యోగ వివాదములో భారత న్యాయస్థానమునకు సాక్షిగా వచ్చుట అరుదైన సంగతి.

2016లో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనము ఈ తీర్పులనన్నిటిని సమన్వయించెను. ఉద్యోగార్థి నిజము చెప్పితీరవలెను. చిన్ననాట నినాదములు చేసినందుకు పెట్టిన కేసువంటి స్వల్ప విషయమును దాచినచో యజమాని మన్నింపవచ్చును. నిజము చెప్పినను గతమును పరిశీలించి నిరాకరించు అధికారము యజమానికి ఉండును. కాని ఆ అధికారమును ఉద్యోగ స్వభావమును బట్టి, విచక్షణతో వాడవలెను. ఇందులో ఒక చిక్కు మిగిలినది. దాచినవాడు అబద్ధమునకు, చెప్పినవాడు గతమునకు కొలువు కోల్పోవచ్చును. గళ్లు నింపు చేయి వణకుట సహజము.

పాత నీడ ఎంత పొడవైనదో 2024లో వెల్లడియయ్యెను. జైళ్లలో కులమును బట్టి పనులు పంచుచున్నారను వ్యాజ్యములో, పలు రాష్ట్రముల జైలు నిబంధనలను సుప్రీంకోర్టు తెరచి చూచెను. వంట ఒక కులమునకు, ఊడ్చు పని మరియొక కులమునకు అని వాటిలో వ్రాసియుండెను. పశ్చిమ బెంగాలు నిబంధనలలో ఖైదీలనుండి రాత్రి కావలివానిని ఎన్నుకొను నియమమొకటి ఉండెను. సంచార తెగలవారివలె పారిపోవు సహజ ప్రవృత్తి గల వర్గమునకు చెందినవాడు ఆ కావలికి తగడని అందులో ఉన్నది. జైలులోనున్న హంతకుడు అర్హుడు కావచ్చును. చిన్న దొంగతనమునకు వచ్చిన సంచారి పుట్టుక వలననే అనర్హుడు. ఆ సంవత్సరము అక్టోబరు 3న కోర్టు ఇట్టి నిబంధనలను కొట్టివేసి, మూడు నెలలలో జైలు గ్రంథములను సవరింపుమని రాష్ట్రములను ఆదేశించెను. ఖైదీల రిజిస్టర్లనుండి కులపు గడిని తీసివేయుమనియు చెప్పెను.